సున్నాలో సున్నా: ఫోన్ బ్యాకప్ ఎక్కడ దాక్కుంటుంది?

తెలుగులోనో చరిత్రలోనో పరిశోధన చేస్తున్న ఉస్మానియా విద్యార్థి ఫోన్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిస్తే, పాత పుస్తకాల పీడీఎఫ్‌లు నాలుగైనా ఉంటాయి. వాటిలో చాలావాటి మొదటి పేజీలో బార్‌కోడ్, "యూనివర్సల్ లైబ్రరీ" అన్న ముద్ర, ఓయూ అక్షరాలతో మొదలయ్యే ఒక నంబరు కనిపిస్తాయి. ఆ ఓయూ మరేదో కాదు, ఉస్మానియా యూనివర్సిటీయే. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయపు లైబ్రరీ పుస్తకాలను 2000 దశకంలో స్కాన్ చేశారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసరైన రాజ్ రెడ్డి పూనికతో నడిచిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో అదొక భాగం.

ఆ స్కాన్‌లు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సర్వర్లలో ఉండేవి. పేజీకొక టిఫ్ బొమ్మ చొప్పున దిగేవి. ఓపికున్నవాళ్ళు వాటన్నిటినీ కలిపి పుస్తకం చేసుకునేవాళ్ళు. కాపీరైటు అభ్యంతరాలు లేచాక, 2017 ప్రాంతంలో ఆ సైటు కనుమరుగైంది. పుస్తకాలు మాత్రం పోలేదు. కార్ల్ మాలముద్ అనే అమెరికన్ చొరవతో లక్షల పుస్తకాల నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఇవాళ క్యాంపస్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతున్న ఫైళ్ళలో చాలావరకు అక్కణ్ణుంచి దిగినవే.

నకలు వేరే ఊళ్ళో, వేరే సంస్థ చేతిలో ఉండబట్టి దక్కింది. ఆ పీడీఎఫ్‌లను మోస్తున్న ఫోన్ విషయంలో ఈ జాగ్రత్త ఎంతమంది తీసుకుంటున్నారు? ముఖ్యంగా బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి (వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కనివ్వని తాళం తీసి), రూట్ చేసి (సిస్టమ్ ఫైళ్ళ మీద పూర్తి అధికారం తెచ్చుకుని), కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి లీనియేజ్ ఓఎస్ లాంటి కస్టమ్ రోమ్ వేసుకున్నవాళ్ళు? వాళ్ళకు బ్యాకప్ తీసే సాధనాలు మిగతావాళ్ళకన్నా ఎక్కువే. అయినా ఉన్న డేటా ఊడ్చుకుపోయే ప్రమాదం కూడా వాళ్ళకే ఎక్కువ. దీనికి కారణం అజాగ్రత్త అని తోసేయడానికి లేదు. ఆండ్రాయిడ్ తన ఫోల్డర్లను అమర్చుకున్న తీరులోనే అసలు చిక్కుంది.

ఫైల్ మేనేజర్‌లో "ఇంటర్నల్ స్టోరేజ్" అని కనిపించే చోటుకు లోపల మూడు పేర్లున్నాయి. మొదటిది స్లాష్ ఎస్‌డీకార్డ్. కార్డు పెట్టే చోటు కూడా లేని ఫోన్‌లో ఈ పేరెందుకంటే, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పుడు ఫొటోలూ పాటలూ నిజంగానే మెమరీ కార్డులో ఉండేవి. అప్పటి యాప్‌లు ఆ పేరుకే అలవాటు పడ్డాయి కాబట్టి దాన్ని అలాగే ఉంచేశారు. రెండోది స్టోరేజ్ స్లాష్ ఎమ్యులేటెడ్ స్లాష్ సున్నా. ఈ రెండూ దారి చూపే పేర్లు మాత్రమే. ఫైళ్ళు అసలుండేది డేటా స్లాష్ మీడియా స్లాష్ సున్నాలో. అంటే యాప్‌ల లోపలి సమాచారం, సెట్టింగులు, మెసేజ్‌లు ఉండే డేటా పార్టిషన్‌లోనే ఒక మూలన మన ఫొటోలు కూడా ఉంటాయి. వేరే గది కాదు, వేరే డిస్కు అంతకన్నా కాదు.

ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది? దాని వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో చాలామందికి నిద్ర లేకుండా చేసింది.

ముందు ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. తొలితరం ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వరసగా కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజర్ అడ్రస్ బార్‌లో "ఒపేరా కోలన్ కాన్ఫిగ్" అని కొట్టి, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే సెట్టింగ్‌ను ఆన్ చేస్తే, సర్వరే అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. ఆ కిటుకు నోటిమాటగా పాకింది. మిగతా యాప్‌లలో కూడా తెలుగు కావాలంటే ఫోన్ రూట్ చేసి, సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంటు ఫైలును తీసి తెలుగున్న ఫాంటు పెట్టాల్సిందే. అలా పెట్టినా ఒత్తులు విడిపోయేవి, గుణింతాలు పక్కకు జరిగేవి. అక్షరాలుంటే సరిపోదు, వాటిని కలిపి కూర్చే ఇంజను కూడా ఉండాలి కదా. జెల్లీబీన్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్ తరం ఫోన్లు వచ్చాకే ఈ బాధ తగ్గింది. ఆటల కోసమో బ్యాటరీ కోసమో రూట్ చేసినవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. తన భాష చదువుకోవడానికి రూట్ చేయాల్సిన అగత్యం మాత్రం తెలుగు లాంటి భాషలవాళ్ళకే పట్టింది.

2012 నవంబరులో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 ఒకే పరికరాన్ని పలువురు విడివిడి ఖాతాలతో వాడుకునే సౌకర్యం తెచ్చింది. ఒక్కొక్కరి ఫైళ్ళకు ఒక్కో ఫోల్డర్ కావాలి. మొదటి వాడుకరి సంఖ్య సున్నా. కాబట్టి కొత్త రోమ్ మొదటిసారి లేవగానే పాత ఫైళ్ళన్నిటినీ సున్నా అనే ఫోల్డర్‌లోకి జరిపి, ఆ పని అయిపోయిందని డేటా పార్టిషన్‌లో ఒక చిన్న దాపుడు ఫైలులో గుర్తు పెట్టుకునేది. కస్టమ్ రోమ్‌లు వేసుకునేవాళ్ళ పాత రికవరీలకు (ఆండ్రాయిడ్ లేవకుండానే నడిచి, రోమ్ ఎక్కించడానికీ డేటా తుడవడానికీ పనికొచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లకు) ఆ ఫైలు సంగతి తెలియదు. రోమ్ మార్చేముందు డేటా తుడిచినప్పుడల్లా ఆ గుర్తును కూడా తుడిచేసేవి. రోమ్ మళ్ళీ లేచేది, గుర్తు కనబడేది కాదు, ఇంకా జరపలేదనుకుని ఉన్నవాటన్నిటినీ మరో సున్నాలోకి తోసేది. వారానికో రోమ్ మార్చేవాళ్ళ ఫోన్‌లో సున్నాలో సున్నా, అందులో ఇంకో సున్నా. ఫొటోలు పోలేదు, అడుగుకు దిగిపోయాయి. గ్యాలరీ ఖాళీ, స్టోరేజ్ మాత్రం ఫుల్. ఒక్కో ఫోల్డర్‌లోంచి పైకి తీసుకొచ్చుకోవడం తప్ప మందు లేదు. కొత్త రికవరీలు ఆ దాపుడు ఫైలును ముట్టుకోకుండా జాగ్రత్తపడ్డాకే ఈ జబ్బు కుదిరింది.

ఆ ఏడాదే మరో చిక్కు కూడా వచ్చింది. అప్పట్లో అందరూ వాడే రికవరీ క్లాక్‌వర్క్‌మాడ్. దాని ఆరో వెర్షన్ బ్యాకప్ తీసే పద్ధతి మార్చింది. ప్రతిసారీ మొత్తం నకలు తీయకుండా, ఒక్కో ఫైలుకు దాని లోపలి సమాచారాన్ని బట్టి ఒక గుర్తింపు సంఖ్య లెక్కగట్టి, అదే సంఖ్య ఇదివరకే ఉంటే మళ్ళీ దాచదు. అసలు సమాచారమంతా "బ్లాబ్స్" అనే ఫోల్డర్‌లో చేరుతుంది. తేదీలవారీ బ్యాకప్ ఫోల్డర్లలో ఉండేవి ఏ ఫైలుకు ఏ సంఖ్య అన్న జాబితాలే. జాగా ఎంతో ఆదా అయ్యేది, ఆలోచన చక్కనిది. చూసేవాళ్ళకు మాత్రం చిన్న చిన్న బ్యాకప్‌లు, పక్కనే అర్థంకాని పేర్లతో కొన్ని జీబీల చెత్త కనిపించేది. ఆ చెత్త తీసేద్దామని బ్లాబ్స్ డిలీట్ చేసినవాళ్ళకు ఒక్క దెబ్బతో బ్యాకప్‌లన్నీ గల్లంతు. పోనీ అని పాత తేదీ ఫోల్డర్ చెరిపితే జాగా ఖాళీ అయ్యేది కాదు. రికవరీ మెనూలో వాడని బ్యాకప్ డేటాను తొలగించే ఎంపిక నొక్కితేనే అయ్యేది. మంచి ఇంజనీరింగును తప్పు పేరు ఎలా ముంచుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాత ఆ చోటును ఆక్రమించినది టీమ్ విన్ రికవరీ ప్రాజెక్ట్, పొట్టిగా టీడబ్ల్యూఆర్‌పీ. ఇందులో గుట్టేమీ లేదు. ఇంటర్నల్ స్టోరేజ్‌లో దాని పేరుతోనే ఒక ఫోల్డర్, అందులో బ్యాకప్స్, అందులో ఫోన్ సీరియల్ నంబరు, దాని లోపల తేదీ, సమయంతో ఒక ఫోల్డర్. ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో ఫైలు; పెద్ద పార్టిషన్‌ను ఒకటిన్నర జీబీ ముక్కలుగా విడగొడుతుంది. ప్రతి ముక్కకూ ఒక హ్యాష్ ఫైలు తోడుంటుంది. షా-256 పద్ధతిలో ఆ హ్యాష్ 64 అక్షరాల పొడుగు. ముక్కలో ఒక్క బిట్ మారినా హ్యాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కాపీ చేసేటప్పుడు కేబుల్ కదిలి ఫైలు చెడిందా లేదా తేలేది దీనితోనే. అందుకే బ్యాకప్‌ను కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు, "ఈ బుల్లి ఫైళ్ళెందుకులే" అని వాటిని వదిలేయకూడదు.

తేదీ ఫోల్డర్ పేరు 1970 అని మొదలైతే కంగారు పడనక్కర్లేదు. క్వాల్‌కామ్ చిప్ ఉన్న చాలా ఫోన్లలో గడియారం యంత్రం 1970 జనవరి 1 నుంచే లెక్కపెడుతుంది. సరైన టైముకు ఎంత కలపాలో ఆండ్రాయిడ్ వేరే ఫైలులో రాసుకుంటుంది. రికవరీ ఆ ఫైలును చదవలేకపోతే అర్ధశతాబ్దం వెనక్కి పోతుంది. ఇలాంటి ఫోల్డర్లు మూడు చేరాయంటే ఏది కొత్తదో ఏది పాతదో తెలియదు. బ్యాకప్ తీస్తున్నప్పుడే పేరు మార్చుకునే వీలు టీడబ్ల్యూఆర్‌పీలో ఉంది, వాడుకోవాలి. పైన ఉన్న సీరియల్ నంబరు ఫోల్డర్ పేరు మాత్రం మార్చకూడదు. టీడబ్ల్యూఆర్‌పీ ఆ ఫోన్ సీరియల్ నంబరున్న ఫోల్డర్‌లో తప్ప మరెక్కడా వెతకదు; పేరు మారితే ఎదురుగా ఉన్న బ్యాకప్‌ను కూడా లేదంటుంది.

ఇక అసలు విషయం. ఈ ఫోల్డర్ ఎక్కడుంది? డేటా స్లాష్ మీడియాలో. అంటే డేటా పార్టిషన్‌కు తీసిన బ్యాకప్ డేటా పార్టిషన్‌లోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. పైగా టీడబ్ల్యూఆర్‌పీ డేటా బ్యాకప్‌లో మీడియా ఫోల్డర్ చేరదు. చేరితే బ్యాకప్ తనను తాను బ్యాకప్ చేసుకుంటూ పోవాల్సి వస్తుంది కాబట్టి అది సబబే. కానీ దాని ఫలితం చాలామందికి తట్టదు: "మొత్తం బ్యాకప్ తీశాను" అనుకున్న ఆ ఫైళ్ళలో ఒక్క ఫొటో ఉండదు, ఒక్క పీడీఎఫ్ ఉండదు, రికార్డు చేసిన ఒక్క ఇంటర్వ్యూ ఉండదు.

టీడబ్ల్యూఆర్‌పీలో తుడిచే బటన్లు రెండున్నాయి. ఒకటి వేలితో పక్కకు లాగితే జరిగే ఫ్యాక్టరీ రీసెట్. ఇది యాప్‌లను, సెట్టింగులను తుడిచి మీడియా ఫోల్డర్‌ను వదిలేస్తుంది. రెండోది ఫార్మాట్ డేటా. దాన్ని నొక్కితే యాప్‌లు, ఫొటోలు, వీడియోలతోపాటు బ్యాకప్‌లు కూడా పోతాయనీ, తిరిగి రావనీ తెరమీద రాసి చూపించి, ఇంగ్లిష్‌లో "యెస్" అని మూడక్షరాలు టైపు చేయమంటుంది. అంత స్పష్టంగా చెప్పినా తొందరలో అవి కొట్టేసేవాళ్ళు కొట్టేస్తూనే ఉంటారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి లీనియేజ్‌కు మారేటప్పుడు పాత ఎన్‌క్రిప్షన్ వదిలించుకోవాలంటే ఈ రెండో బటన్ నొక్కక తప్పదు మరి. అసలు బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన క్షణమే ఫోన్ మొత్తం తుడుచుకుంటుంది. దొంగిలించిన ఫోన్‌లో డేటా చదవకుండా పెట్టిన రక్షణ అది. షాపులవాళ్ళ భాషలో "సాఫ్ట్‌వేర్ కొట్టడం" అన్నా ఇంతే. చాలాసార్లు లోపలున్నదంతా పోయాకే ఫోన్ చేతికొస్తుంది.

పోయినదాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదా? పాత ఫోన్లలో కొంత ఉండేది. ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన ఫైల్ ఆధారిత ఎన్‌క్రిప్షన్‌లో ఫైళ్ళన్నీ గుప్తలిపిలో ఉంటాయి; వాటిని విప్పే తాళాలకు రక్షణ ప్రాసెసర్‌లో వేరుగా ఉండే భద్ర విభాగం, వాడుకరి పెట్టుకున్న పిన్. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఫార్మాట్ చేయగానే ఆ తాళాలు నాశనమవుతాయి. ఆ తర్వాత చిప్ ఊడదీసి చదివినా వచ్చేది అర్థంలేని గజిబిజే. రికవరీలోకి వెళ్ళి ఫోల్డర్లు చూసినప్పుడు డీసీఐఎమ్ (కెమెరా ఫొటోలుండే ఫోల్డర్), డౌన్‌లోడ్ అన్న పేర్ల బదులు పిచ్చి అక్షరాల వరసలు కనిపిస్తే కారణం కూడా ఇదే: రికవరీకి తాళం అందలేదు. ఆ స్థితిలో కాపీ చేసిన ఫోల్డర్ దేనికీ పనికిరాదు. బ్యాకప్‌కు ముందు లాక్‌స్క్రీన్ పిన్ తీసేయమని ఈ పనిలో ఆరితేరినవాళ్ళు చెప్పేది ఇందుకే. కొత్త ఫోన్లలో చాలావాటికి టీడబ్ల్యూఆర్‌పీ డేటాను విప్పలేకపోతోంది; లీనియేజ్‌తో వచ్చే సొంత రికవరీలో అసలు బ్యాకప్ సదుపాయమే లేదు. ఫోన్ మొత్తాన్ని ఒక్క ఊపున ఫొటో తీసినట్టు దాచుకునే కాలం దాదాపు అయిపోయింది.

మళ్ళీ ఉస్మానియా పరిశోధకుల దగ్గరికి వద్దాం. క్యాంపస్ పక్కన తార్నాక కూడలి నుంచి ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు దగ్గర దగ్గరగా ఉంటాయి. క్యాంపస్‌ను ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉన్నాయి; క్యాంపస్‌లోనే ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఇంతమంది పరిశోధకులు తిరిగే చోట ఫోన్ అంటే ఫీల్డ్‌వర్క్ నోట్‌బుక్కు, టేప్ రికార్డరు, స్కానరు. గైడ్‌తో నడిచిన సంభాషణంతా వాట్సాప్‌లో. దాని ఫోల్డర్ గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి.

2021 దాకా వాట్సాప్ ఫోల్డర్ ఇంటర్నల్ స్టోరేజ్ తెరవగానే ఎదురుగా ఉండేది. ఆండ్రాయిడ్ 11లో ఒక యాప్ ఫైళ్ళను మరో యాప్ ఇష్టమొచ్చినట్టు తిరగేయకుండా కట్టుదిట్టం చేశాక, అది ఆండ్రాయిడ్ అన్న ఫోల్డర్‌లోని మీడియాలోకి మారింది. పాత అలవాటుతో పైనున్న ఫోల్డర్‌నే కాపీ చేసుకున్నవాళ్ళకు దొరికింది పాత సరుకే. లోపల డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో ప్రతి తెల్లవారుజామున రెండింటికి ఒక బ్యాకప్ తయారవుతుంది. వారం రోజులవి నిలవుంటాయి. ఫైలు పేరు చివర క్రిప్ట్14, క్రిప్ట్15 అని ఉంటే అది గుప్తలిపిలో ఉందని అర్థం. దాన్ని విప్పే తాళం అక్కడుండదు. యాప్ సొంత డేటా ఫోల్డర్‌లో ఉంటుంది. రూట్ ఉన్నవాళ్ళకు తప్ప కనిపించదు. మామూలుగా అదే నంబరుతో మళ్ళీ లాగిన్ అయితే వాట్సాప్ సర్వర్ ఆ తాళాన్ని తిరిగిస్తుంది. సిమ్ పోయి నంబరు మరొకరి చేతికి వెళ్ళిపోతే ఆ దారి మూసుకుపోతుంది. 2021 అక్టోబరులో వచ్చిన ఎండ్ టు ఎండ్ బ్యాకప్‌లో 64 అంకెల తాళాన్ని మనమే రాసి పెట్టుకోవచ్చు. దాన్ని కాగితం మీదే రాసుకోవడం మేలు. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకుంటే ఫోన్‌తోపాటు అదీ పోతుంది. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లకు ఈ గొడవేమీ లేదు. అవి ఫోల్డర్‌లో మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి, తీసుకెళ్ళి ఎక్కడైనా తెరుచుకోవచ్చు.

గూగుల్ చూసుకుంటుందిలే అన్న ధీమా సగమే నిజం. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌ల డేటా దానంతట అదే డ్రైవ్‌కు వెళ్తుంది గానీ ఒక్కో యాప్‌కు పరిమితి 25 ఎంబీ. ఫోన్ 57 రోజులు వాడకుండా పక్కన పడేస్తే ఆ బ్యాకప్ చెరిగిపోవచ్చు. గూగుల్ యాప్‌లు లేకుండా లీనియేజ్ వాడేవాళ్ళకు అదీ లేదు. లీనియేజ్‌లో సీడ్‌వాల్ట్ అనే బ్యాకప్ సాధనం ఉంటుంది, పెన్‌డ్రైవ్‌కు కూడా బ్యాకప్ తీయగలదు. పన్నెండు మాటల రికవరీ కోడ్ ఇస్తుంది. ఆ మాటలు పోతే బ్యాకప్ తెరవడం ఎవరివల్లా కాదు.

మరి ఫైళ్ళను బయటికి చేర్చడమెలా? డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపడమే సులువైన దారి. ఒక మెలిక మాత్రం ఉంది. కంప్యూటర్ తెరమీద కనిపించే జాబితా నేరుగా ఫోల్డర్‌ది కాదు, ఆండ్రాయిడ్ తయారుచేసుకున్న మీడియా పట్టికది. రికవరీలో పుట్టిన ఫైళ్ళు ఆ పట్టికకు ఎక్కకపోతే, ఫోన్‌లో ఉన్నా కంప్యూటర్‌లో కనబడవు. ఒకసారి రీస్టార్ట్ చేస్తే కనబడవచ్చు. లేదా కమాండ్ తెలిసినవాళ్ళు కంప్యూటర్ నుంచి ఏడీబీ పుల్ అనే ఆదేశం వాడతారు, అది పట్టికతో పనిలేకుండా ఫోల్డర్‌నే చదువుతుంది. డిపార్ట్‌మెంట్‌లో చేతులు మారే పాత పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. నాలుగు జీబీలకు మించిన ఒక్క ఫైలును కూడా అవి పట్టలేవు. జాగా ఉన్నా ఎక్కదు. సెమినార్ మొత్తం తీసిన వీడియో ఎక్కడం లేదంటే పెన్‌డ్రైవ్ పాడైందనుకోవద్దు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే చాలు. ముందు అందులో ఉన్నవి వేరేచోట దాచాక.

జాగా ఖాళీ చేసే సంగతికి వస్తే, డిలీట్ చేసినా స్టోరేజ్ తగ్గడం లేదన్న ఫిర్యాదుకు జవాబు తరచూ డీసీఐఎమ్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి గ్యాలరీలో తీసేసిన ఫొటోను పేరు ముందు చుక్క, "ట్రాష్డ్" అన్న మాట చేర్చి అదే ఫోల్డర్‌లో నెలరోజులు దాచి ఉంచే పద్ధతి వచ్చింది. దాపుడు ఫైళ్ళు చూపించమని ఫైల్ మేనేజర్‌కు చెబితే బయటపడతాయి. చుక్కతో మొదలయ్యే వాటిలో నోమీడియా అనే ఖాళీ ఫైలు కూడా ఉంటుంది. దాన్ని చెత్త అనుకుని తీసేస్తే ఆ ఫోల్డర్‌లోని బొమ్మలన్నీ గ్యాలరీలోకి వచ్చిపడతాయి. పాత బ్యాకప్‌లలో సిస్టమ్ పార్టిషన్ నకళ్ళు నిర్భయంగా తీసేయొచ్చు. లీనియేజ్ రోమ్ ఎప్పుడు కావాలన్నా మళ్ళీ దింపుకోవచ్చు.

తీసేయకూడనిది ఒకటుంది. సామ్‌సంగ్ ఫోన్లలో ఈఎఫ్‌ఎస్ అనీ, క్వాల్‌కామ్ ఫోన్లలో మోడెమ్‌ఎస్‌టీ అనీ పిలిచే చిన్న పార్టిషన్ల నకలు. ఆ పార్టిషన్లు కొద్ది ఎంబీలే ఉంటాయి గానీ ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరు, నెట్‌వర్క్‌కు కావాల్సిన ఫ్యాక్టరీ సర్దుబాట్లు వీటిలోనే ఉంటాయి. రోమ్ ఎక్కిస్తున్నప్పుడు ఇవి చెడితే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కినా నంబరు రాదు, సిమ్ పనిచేయదు. ఇంకెక్కణ్ణుంచీ దింపుకోవడానికి ఉండదు, ఎందుకంటే ప్రతి ఫోన్‌కూ ఇది వేరు. కొన్న కొత్తలోనే ఒక నకలు తీసి బయట పెట్టుకోవాలి, అదే ఫోన్‌కు తిరిగి ఎక్కించుకోవడంలో తప్పు లేదు. మరో ఫోన్ నకలు తెచ్చి ఎక్కిస్తే మాత్రం అది ఐఎంఈఐ మార్చడం కిందికి వస్తుంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం. ఇంట్లో ఒకే మోడల్ ఫోన్లు రెండుంటే ఫైలు పేరులో ఐఎంఈఐ చివరి నాలుగంకెలు చేర్చుకోవాలి, ఒకదానిది మరొకదానికి ఎక్కించే పొరపాటు జరగదు.